లౌడ్‌స్పీకర్

మున్సిపల్ కౌన్సిల్లో ఏడో వార్డు సభ్యుణ్ణి అందరూ ‘లౌడ్‌స్పీకర్’ అనేవారు. మాట్లాడ్డానికి లేవగానే చొక్కా చేతులు మడిచి, బల్లమీద రెండుసార్లు చరిచేవాడు. ఎవరైనా అడ్డొస్తే మైకు లాక్కునేవాడు. గ్యాలరీలో జనం చప్పట్లు కొడితే అతని మొహం వెలిగిపోయేది. ఇంట్లో మాత్రం మంచినీళ్లు అడగడానికి కూడా గొంతు పెంచేవాడు కాదు.

కొత్తగా గెలిచిన టైలరమ్మకు నత్తి. తన వీధిలోని మురుగుకాలువ గురించి కాగితం చూసి చదువుతూ ఆమె “ము... ము...” దగ్గర ఆగిపోయింది.

“ము... ము... మూడ్రోజులు పడుతుందా అమ్మా చెప్పడానికి?” అన్నాడతను, అచ్చం ఆమెలాగే. హాలంతా గొల్లుమంది. ఆమె కాగితం మడిచి కూర్చుంది.

సభ అయ్యాక మెట్ల దగ్గర ఆమెను ఆపాడు. “ఏదో సరదాకన్నాను చెల్లెమ్మా, మనసులో పెట్టుకోకు.”

“నెల్రోజులు అద్దం ముందు చదువుకున్నానన్నా,” అంది ఆమె, ఒక్క అక్షరం తడబడకుండా.

తర్వాతి సమావేశంలో గ్యాలరీ నుంచి “కానియ్యన్నా!” అని కేకలేసినా అతను లేవలేదు. ఛైర్మన్ ఆమె వార్డును పిలిచినప్పుడు మాత్రం లేచి, అందరినీ ఊరుకోమని చెయ్యెత్తాడు. హాలు నిశ్శబ్దమైపోయింది. ఆమె కాగితాన్ని గుమాస్తా చేతికిచ్చి, చదవమన్నట్టు సైగ చేసి కూర్చుంది. ఎత్తిన చెయ్యిని అతను మెల్లగా దించుకున్నాడు.