ఉప్పు బళ్ళు ఆగిన ఏడాది

తెలుగు చెప్పి బతికేవాడు తెలుగులోనే బోల్తా పడటం కంటే సిగ్గుచేటు ఇంకోటి ఉండదు. నేను బోల్తా పడింది ఒక చిన్న ప్రత్యయం దగ్గర. 'కి' అని అర్థం చేసుకోవలసిన చోట 'నుంచి' అని అర్థం చేసుకున్నాను. దాని ఫలితంగా మూడు బస్తాల ఉప్పు మా పడకగదిలోకి వచ్చి కూర్చుంది. ఆవకాయ బయటికి పోయింది. చుట్టూ పది మైళ్ళ మామిడి తోటలు పెట్టుకుని, నూజివీడులో కాపురం ఉంటూ, ఆవకాయ లేకుండా ఏడాది వెళ్ళదీసిన ఘనత మా ఇంటికే దక్కి ఉంటుంది. అందులో మా ఆవిడ తప్పేమీ లేదు.

స్వరాజ్యం వచ్చిన మరుసటి వేసవి అది. స్వరాజ్యమైతే వచ్చింది గాని దాని వెనకాల రావలసిన సరుకులే రాలేదు. ఒక నెల కంట్రోలు అనేవారు, ఇంకో నెల కంట్రోలు ఎత్తేశాం అనేవారు. ఎత్తేస్తే ధర ఎక్కేది, ఉంచితే సరుకు దిగేది కాదు. దేనికీ కంట్రోలు లేని వస్తువు ఊళ్ళో పుకారొక్కటే. మైలవరం దాటి ఇంకాస్త పడమరగా పోతే నైజాం ఇలాకా. అక్కడ ఏం జరగబోతోందో ఎవరికీ తెలియదు. తెలియదు కాబట్టి అందరూ చెప్పేవారు. రైళ్ళు ఆగిపోతాయనీ, యుద్ధమే వస్తుందనీ, కిరసనాయిలు ఇక కంటికి కూడా కనపడదనీ.

భయపడటం కూడా ఒక ఉద్యోగమేనని నాకు ఆ ఏడు తెలిసింది. బడి ఉద్యోగానికి ఆదివారం సెలవుండేది, దీనికి అదీ లేదు. పొద్దున లేవగానే అగ్గిపెట్టెలో పుల్లలు చూసుకోవడం, సాయంత్రం బడి వదలగానే కొట్టు కొట్టుకీ తిరిగి "వచ్చిందా?" అని అడగడం. ఏం వచ్చిందా అని కూడా అడిగేవాణ్ణి కాదు. ఏది వచ్చినా సరే, పట్టుకుపోవడానికి చేతిలో సంచీ ఉండేది. 'కొరత' అనే మాటకి నిఘంటువులో రెండర్థాలున్నాయి. ఒకటి లేమి. రెండోది, వెనకటికి నేరస్థుల్ని ఎక్కించిన శూలం. పిల్లలకి రెండూ వేరువేరు అర్థాలని చెప్పేవాణ్ణి. ఆ వేసవి తర్వాత ఆ పాఠం చెప్పడానికి నోరు రాలేదు.

ఆవకాయ సామాన్లకని మా ఆవిడ పోపులపెట్టెలో డబ్బు దాచింది. దాన్ని నా చేతిలో పెడుతూ వరస కూడా చెప్పింది: ముందు ఆవాలు, తర్వాత నూనె, మిగిలితే ఉప్పు. ఆవాలు ఎక్కడో ఉత్తరాన్నుంచి రైలు మీద రావాలి, ఉప్పుకేముంది, బందరు సముద్రం ఎండిపోదు కదా అంది. వరసలు మర్చిపోకూడదని తరగతిలో రోజూ అరిచే మనిషిని నేను. మర్చిపోలేదు కూడా. తలకిందులు చేశానంతే.

బజార్లో ఒక షావుకారుగారి కొట్టుండేది. వేసవిలో మామిడికాయల వ్యాపారం, మిగతా ఏడాది కిరాణా. ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి ఆయన గల్లాపెట్టె ముందు చెంపకి చెయ్యి ఆనించుకుని కూర్చున్నాడు. వెనకాల ఉప్పు బస్తాలు దూలం దాకా ఉన్నాయి. ఏమిటి షావుకారుగారూ, ఒంట్లో బాగాలేదా అన్నాను.

"ఉప్పు బళ్ళు మైలవరం దగ్గర ఆపేశారంటండీ, మేష్టారూ," అన్నాడాయన. అని నిట్టూర్చాడు.

ఆ నిట్టూర్పు నిజమైంది. దాంట్లో కల్తీ లేదు. కల్తీ అంతా నా చెవిలో ఉంది. ఉప్పు బళ్ళు ఆపేశారు అనగానే నాకు మన ఊరు వచ్చే ఉప్పు ఆగిపోయిందని వినపడింది. బందరు మనకి దక్షిణాన ఉంది, మైలవరం పడమరన ఉంది, దక్షిణం నుంచి రావలసిన ఉప్పు పడమట ఎందుకు ఆగుతుంది అని ఒక్క క్షణం ఆలోచిస్తే సరిపోయేది. ఆ ఒక్క క్షణంలో నేను ఉప్పు లేని పప్పు, ఉప్పు లేని చారు, ఉప్పు లేని పిల్లల మొహాలు చూస్తున్నాను.

అయితే ఇప్పట్లో ఉప్పు రాదా అని అడిగాను. ఆయన నా వంక కాసేపు చూశాడు. తర్వాత మెల్లిగా, ఇప్పట్లో కదలదండీ అన్నాడు. ఆ మాటా నిజమే. ఆ రోజు ఆయన ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఆడే అవసరం నేను రానివ్వలేదు. మీరు కాబట్టి మూడు బస్తాలు ఇస్తాను, నలుగురికీ చెప్పకండి అని కూడా అన్నాడు. అందువల్ల సరిగ్గా నలుగురికే చెప్పాను, అందరూ మా బళ్ళో మేష్టర్లే. వాళ్ళూ తలో బస్తా దింపుకున్నారు. తర్వాత చాలాకాలం స్టాఫురూములో నా పేరు ఉప్పుమేష్టారు.

బండి గుమ్మం ముందు ఆగితే మా ఆవిడ బయటికి వచ్చి మూడు బస్తాలూ చూసింది. చూసి ఒక్కటే అడిగింది.

"ఆవాలేవండీ?"

నేను దేశపరిస్థితి చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ సగంలోనే లోపలికి వెళ్ళి మంచం జరిపి చోటు చేసింది.

పది రోజులు నేను చాలా సుఖంగా ఉన్నాను. పక్కలో ఉప్పు ఉన్నవాడికి ఉండే ధీమా వేరు. పదకొండో రోజున మా ఆవిడ అక్కగారు నైజాం వైపు నుంచి వచ్చింది. ముగ్గురు పిల్లలు, ఒక మూట, ఒక చెంబు. ఇల్లు కనిపెట్టుకుని ఉంటానని ఆవిడ భర్త అక్కడే ఉండిపోయాడు. రెండు రాత్రులు నడిచి, తెల్లారాక దొరికిన బండి ఎక్కి వచ్చారట. అన్నం పెడితే ఆవిడ ముందు కంచం అంచున వేసిన ఉప్పురాయి తీసి నోట్లో వేసుకుంది. పిల్లలు కూడా అన్నం కలపకుండా ఉప్పు నాకుతున్నారు. నేను అదేమిటన్నట్టు చూశాను.

"మాకు ఉప్పు లేక నెలవుతోంది మరిదిగారూ," అంది వదినగారు. "మీ వైపు నుంచి మా వైపుకి సరుకు రానివ్వడం లేదు కదా. ఉప్పు బళ్ళు మైలవరం దగ్గరే ఆపేశారు."

నైజాం వైపుకి. ఆ 'కి' విన్నాక గాని నా చెవి చేసిన పని నాకు తెలియలేదు. ఉప్పు మనకి రావడం ఆగలేదు. మన దగ్గర్నుంచి పోవడం ఆగింది. పోవలసింది పోక, షావుకారుగారి కొట్టు వెనకాల దూలం దాకా పేరుకుని ఉంది. అందులో మూడు బస్తాలు నేను ఆయన గుండెల మీద నుంచి దింపి మా ఇంట్లో పెట్టుకున్నాను. మా ఆవిడ పిల్లల కంచాల్లో ఇంకో ఉప్పురాయి వేసింది. భోజనాలయ్యాక వదినగారు పడకగదిలో బస్తాలు చూసి, దగ్గరికి వెళ్ళి ఒకదాని మీద చెయ్యి వేసింది. ఇంత ఉప్పు ఒకచోట చూసి ఎన్నాళ్ళయిందో అంది. ఆ మాటకి నవ్వాలో ఏడవాలో తెలియక బజారుకి బయల్దేరాను, ఆవాల కోసం.

ఇంట్లో నలుగురం ఉండేవాళ్ళం, ఇప్పుడు ఎనిమిది మందిమి. కూర కొనే రోజులు వారానికి రెండో మూడో. మిగతా రోజులకి జాడీలో ఆవకాయ ఉండాలి, అది ఉంటే ఎనిమిది మందీ ఏడాది తింటారు, లేకపోతే వట్టి మజ్జిగన్నం. విషయం ఇంతే. ఆవాలు మాత్రం నేను ఉప్పు కొన్న వారంలోనే బజారు నుంచి మాయమయ్యాయి. నిజంగా ఆగిపోయింది ఆవాలు వచ్చే రైలు. ప్రతి కొట్టులోనూ వచ్చిందా అంటే రాలేదండీ అనేవారు. ఉంగుటూరులో ఎవరి దగ్గరో ఉన్నాయంటే ఒక ఆదివారం పోయాను, వాళ్ళు ముందురోజే అయిపోయాయన్నారు. చింతలపూడి సంతలో తప్పకుండా ఉంటాయన్నారు, అక్కడ ఒకాయన నన్నే అడిగాడు, నూజివీడులో ఆవాలేమైనా దొరుకుతున్నాయాండీ అని. ఇద్దరం ఒక చెట్టు కింద ఖాళీ సంచులు పరుచుకుని కూర్చున్నాం. అంత అలసటలో అంత మంచి సావాసం నాకు మళ్ళీ దొరకలేదు. నెలంతా తిరిగితే చేతికి వచ్చినవి దోసెడు ఆవాలు. ఆవ తీసేస్తే ఆవకాయలో మిగిలేది కాయే అని తెలుగు మేష్టరుగా నాకు తెలుసు. దాన్ని ఎనిమిది మంది ఎలా తింటారో తెలియదు.

కాయకి మాత్రం కొదవ లేదు. బెజవాడ దాకా పోయిన గంపలు రైలెక్కక తిరిగొచ్చేవి. చిన్నరసాలు, పెద్దరసాలు వీధుల్లో కుప్పలుగా పోసి ఎవరికి కావాలంటే వాళ్ళకి ఇచ్చేవారు. మధ్యాహ్నం అన్నంలోకి రసాలు, రాత్రి మజ్జిగలోకి రసాలు. నూజివీడుకి పేరు తెచ్చినవి రసాలు, ఆ ఏడు మాకు తెచ్చినది నీరసం. వదినగారి చిన్నపిల్లవాడు కడుపునొప్పితో మెలికలు తిరుగుతూ ఇంక పండు వద్దు, అన్నం పెట్టమని ఏడ్చిన రోజున, నేను ఇంట్లో ఉన్న పళ్ళన్నీ గంపకెత్తి మళ్ళీ వీధి కుప్పలోనే పోసి వచ్చాను.

పచ్చడికాయ అయిపోవచ్చింది. ఒక చినుకు పడితే ఇక పచ్చళ్ళ మాటే లేదు. అప్పుడు వదినగారే తేల్చింది. ఉప్పుంది, ఎండ ఉంది, లేనిదాని కోసం ఎదురుచూడటం దేనికి, మాగాయ పెడదాం అంది. మా అత్తవారింట మాగాయని జ్వరం పథ్యానికి తప్ప ఏడాదికి సరిపడా పెట్టే అలవాటు లేదు. అక్కచెల్లెళ్ళిద్దరూ రెండు రోజులు కూర్చుని చెక్కు తీశారు, ముక్కలు కోసి ఉప్పులో ఊరేశారు, నులకమంచాల మీద పాతచీరలు పరిచి ఎండబెట్టారు. కాకుల్ని తోలడం నాకు అప్పగించారు. నా మీద వాళ్ళకి మిగిలిన నమ్మకం అంతవరకే. ఊటలో మళ్ళీ ముక్కలు వేసి, కారం, మెంతిపిండి కలిపి, నేను తెచ్చిన దోసెడు ఆవాలూ పోపుల కోసం దాచారు. రెండు పెద్ద జాడీలు నిండాయి. జాడీల మూతికి వాసెన గుడ్డ కట్టిన మర్నాడే వాన.

చూశావా, ఉప్పు అక్కరకొచ్చింది అన్నాను మా ఆవిడతో. అరబస్తా అక్కరకొచ్చింది, మిగతా రెండున్నర ఏం చేస్తారో చూస్తాను అంది. దానికి సమాధానం ఉప్పే చెప్పింది. శ్రావణం వచ్చేసరికి బస్తాలు కారడం మొదలుపెట్టాయి. గచ్చు చెమ్మగిల్లింది, గోడ సున్నం పెచ్చులు ఊడింది, ట్రంకుపెట్టె అడుగు తుప్పు పట్టింది. రాత్రి పడుకుంటే మంచం కింద టప్, టప్ అని చుక్కలు. ఇంట్లో ఇన్నాళ్ళూ ఏడవంది ఆ ఉప్పొక్కటే, ఇప్పుడు అదీ ఏడుస్తోంది అంది మా ఆవిడ చీకట్లో. ఆవిడ నవ్వుతోందో లేదో కనపడలేదు.

భాద్రపదంలో సైన్యం నైజాంలోకి దిగడంతో అటువైపు వ్యవహారం నాలుగైదు రోజుల్లో తేలిపోయింది. ఇన్ని నెలల భయానికి అన్ని రోజులే పట్టాయంటే నాకు సంతోషం కంటే ముందు ఒళ్ళు నొప్పులు తెలిశాయి. వదినగారి భర్త దగ్గర్నుంచి క్షేమమని కబురు వచ్చింది. ఆవిడ ప్రయాణమైంది. ఒక జాడీ మాగాయ తీసుకుపొమ్మంటే వద్దంది. మీ పిల్లలకి ఇక్కడ కావాలి, మాకు ఉప్పివ్వండి చాలు, ఖాళీ ఇంట్లోకి ముందు ఉప్పు తీసుకునే కదా వెళ్ళాలి అంది. కారకుండా మిగిలిన దాన్ని ఏరి గోతంలో కట్టి ఇచ్చాను. మైలవరం దగ్గర ఆ బండిని ఎవరూ ఆపలేదు. మిగిలిన ముద్దని మా కొబ్బరిచెట్టు మొదట్లో పోశాం. మాగాయ జాడీలు వేసవి దాకా వచ్చాయి. ఆవకాయ మాట ఎవరూ ఎత్తలేదు, నా ఎదుట.

దారి తెరుచుకోగానే షావుకారుగారి ఉప్పు రెండు రోజుల్లో ఖాళీ అయింది. ఆయన పక్క గది కూడా కలుపుకుని కొట్టు పెద్దది చేశాడు. రేకు బోర్డు రాయిస్తున్నాను, నాలుగు మంచి తెలుగుముక్కలు మీరే రాసివ్వాలి అని మా ఇంటికొచ్చాడు. కాఫీ తాగుతూ ఆయన చూపు పెచ్చులూడిన గోడ మీదికి పోయింది. ఆయనే అన్నాడు:

"బళ్ళు ఎటు పోయేవో మీరు అడగలేదు కదండీ మేష్టారూ."

నిజమే, అడగలేదన్నాను. కాగితం తీసుకుని ఆయన చెప్పిన మాటలే గుండ్రంగా రాశాను. ఆయన చెప్పింది, 'ఇచ్చట ఉప్పు, పప్పు, సమస్త వెచ్చములు నమ్మకముగా అమ్మబడును' అని. నేను రాసింది, 'ఇచ్చట ఉప్పు, పప్పు, సమస్త వెచ్చములు, నమ్మకము అమ్మబడును.' ఒక ప్రత్యయం దగ్గర నన్ను దెబ్బకొట్టిన మనిషికి ఒక ప్రత్యయం బాకీ పెట్టాను.

ఆయన కాగితం పట్టుకుని గట్టిగా చదివాడు. చదివేటప్పుడు లేని 'గా'ని తనే వేసుకుని చదివాడు. నేను ఆవేళ విన్నట్టే. బోర్డు రాసేవాడు మాత్రం కాగితంలో ఉన్నది ఉన్నట్టు ఎర్రరంగుతో దించాడు. నేను ఆ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ అది ఆ కొట్టు మీద వేలాడింది. ఊరంతా రోజూ చదివేది, ఊరంతా ఆ 'గా' వేసుకునేది. కూడబలుక్కుని ఒక్కొక్క అక్షరమే చదివే మా ఆవిడ మాత్రం మొదటిసారి ఆ వీధిన పోతూ బోర్డు ముందు ఆగి, చివరిదాకా చదివి, పమిట నోటికి అడ్డం పెట్టుకుంది.