బాబాయి లాగిన బ్రేకు

మా పక్కింటి బాబాయి మొన్న ఆదివారం పొద్దున పోయాడు. ఊపిరితిత్తుల జబ్బని దవాఖానాలో చెప్పారు. ఒక నింద కింద ఇన్నేళ్లు నలిగి పోయాడని నేనంటాను. కోపంతో రాస్తున్నానని ఎవరైనా అంటే అననివ్వండి. చల్లగా రాసే సంగతి కాదిది.

బొగ్గు ఓపెన్‌కాస్టు గనిలో ఒక కాంట్రాక్టరు దగ్గర ఆయన టిప్పరు నడిపేవాడు. ఒకరోజు వాలులో ఆపి దిగిన బండి దానంతటదే కదిలి తోటి డ్రైవరు మీదికెక్కింది. అతను అక్కడికక్కడే పోయాడు.

"హ్యాండ్ బ్రేకు లాగే దిగిన" అన్నాడు బాబాయి.

"లాగితే బండెట్ల కదుల్తది?" అన్నాడు సూపర్‌వైజరు.

విచారణ అంతే. ఒక్కడంటే ఒక్కడు చక్రం విప్పి బ్రేకు చూడలేదు. పనివాడు చచ్చినా తప్పు పనివాడిదే, బతికినా తప్పు పనివాడిదే. యంత్రాన్ని విప్పితే యజమాని బయటపడతాడు కదా, ఎందుకు విప్పుతారు? మర్నాడు అదే బండిని పనికి పంపి, బాబాయిని ఇంటికి పంపారు.

ఆ చనిపోయిన డ్రైవరు భార్య మా వీధి చివరే ఉంటుంది. సూపర్‌వైజరు మాట ఆమె దాకా వెళ్లింది. బాబాయి ఎదురొస్తే పక్క సందులోకి మళ్లేది. దమ్మపేట దగ్గర మా చిన్న ఊళ్లో ఎంతకని తప్పుకుంటారు? రేషన్ దుకాణం ఒకటే, బస్సు ఆగేచోటు ఒకటే. ఎటైనా వెళ్లిపోదామని పిన్ని పోరేది. "పోతే తప్పు ఒప్పుకున్నట్టే గద" అని అక్కడే ఉండిపోయాడు.

తర్వాత పాత కారొకటి కొని కిరాయికి తిప్పాడు. ధర్నాల్లో పోలీసులు నన్ను ఎత్తుకుపోయినప్పుడల్లా స్టేషన్ బయట ఆ కారే కనిపించేది. "ఇయ్యాల ఎవర్ని తిట్టినవ్ రా? జర విప్పి చూసినంక తిట్టు" అనేవాడు. ఆ మాట విని, పేపర్లకు పంపకుండా నేను చింపేసిన వ్యాసాలు ఉన్నాయి.

కారు వెనక బ్రేకులు తరచూ పట్టేసేవి. ఓ వానాకాలం భద్రాచలం వెళ్తుంటే, ముల్కలపల్లి అడవిలో బండి బరువెక్కింది, మాడు వాసన మొదలైంది. బాబాయి దిగి, ఒక్కో చక్రం దగ్గర చెయ్యి తిరగేసి వేడి చూశాడు. వెనకవి రెండూ మండుతున్నాయి.

"ఒక్కటే కాల్తే ఆ చక్రంల ఏదో ఉన్నట్టు. రెండూ కాల్తే ముందుగాల కేబుల్ చూడాలె."

హ్యాండ్ బ్రేకు దించి, జాకీతో ఎత్తి తిప్పితే చక్రం కదల్లేదు. కిందికి దూరి కేబుల్ బిగువు వదిలించేసరికి తిరిగింది. లాగీ లాగీ కేబుల్ తుప్పులో ఇరుక్కుపోయింది.

వాదించకుండా ఉండటం నాకు చేతకాదు. "ఎందుకు బాబాయ్ బ్రేకు గంత గుంజుడు? కూరగాయల కాడ ఆపినా గుంజుతవ్. గేర్ల పెట్టి, టైరు కింద రాయి పెడితే సాలదా?"

"నువ్వు పేపర్ల గంత రాస్తవ్, సర్కారు మారిందా? నా చెయ్యెట్ల మారుతదిరా?"

ఇద్దరం నవ్వాం. ఆయన నవ్వు ముందు ఆగింది.

"ఆనాడు టిప్పరుకు లాగిన్రా. నువ్వన్న నమ్ముతవా?"

"నమ్ముత బాబాయ్."

"నువ్వు నమ్మితే ఏమొస్తది! ఆమె నమ్మాలె."

జాకీ దించి డిక్కీలో వేసి, బండెక్కాడు.

బాబాయి పోయిన రోజు, వాకిట్లో టెంటు వేయడానికి కారు పక్కకు నెట్టాల్సి వచ్చింది. నేను హ్యాండ్ బ్రేకు దించాను. నలుగురు నెట్టినా వెనక చక్రాలు తిరగలేదు. అప్పుడు చూశాను, గేటు బయట ఆమె, ఆ డ్రైవరు భార్య. చివరి చూపుకని వచ్చి, లోపలికి రాలేక నిలబడిపోయింది.

"బ్రేకు దించినవ్ గద తమ్మీ?"

"దించిన అక్కా. పైన లివరు దిగింది గని, లోపల బ్రేకు ఇడ్వలే. కేబుల్ పట్టేసింది."

ఆమె ఆ చక్రాన్నే చూసింది.

"మరి పైన లాగినా లోపల పట్టకపోవుడు గూడ ఉంటదా?"

ఎన్ని సభల్లో గొంతు చించుకున్నానో. ఆ పూట ఒక్క మాటే వచ్చింది.

"ఉంటది అక్కా."

మగవాళ్లు కారు వెనక భాగం పట్టుకుని పక్కకు ఈడ్చారు. తిరగని చక్రాలు తడి మట్టిలో రెండు చాళ్లు గీశాయి. ఆమె గేటు దగ్గర చెప్పులు విడిచి, ఆ రెండు చాళ్ల మధ్య నుంచి నడిచి బాబాయి దగ్గరికి వెళ్లింది.