మంత్రిగారికి దక్కని పడవ

పట్టిసీమ రేవులో ఉదయం ఐదూ నలభైకి దిగాం. సన్నటి వాన. పదిమంది జవాన్లం, రెండు నల్ల రబ్బరు పడవలు, ఒక వైర్‌లెస్ సెట్టు. గోదారి రెండో ప్రమాద హెచ్చరిక దాటి పారుతోంది. జట్టులో తెలుగువాణ్ణి నేనొక్కణ్ణే. అక్కడికి మూడు మైళ్ళలో మా ఊరు, సర్పంచ్ మా మావయ్య.

సెలవుల్లో నేను చెప్పే మిలటరీ కబుర్లు ఊళ్ళో సగమే నమ్మేవారు. లడఖ్ చలికి రాయైన కోడిగుడ్డుని సుత్తితో పగలగొట్టామన్నది నిజం. అదొక్కటే ఎవరూ నమ్మలేదు.

నాలుగో రోజుకి వరద తీసినట్టే తీసింది. మర్నాడు రేవులో ప్రభుత్వం తరఫున గోదారికి హారతి, మంత్రిగారు వస్తున్నారు.

"ఏరా అల్లుడూ, మంత్రిగారిని మీ పడవలో నది మధ్యకి తీసుకెళ్ళగలవా?"

"నేను చెప్తే మా కెప్టెన్ కాదనడు మావయ్యా."

నా సర్వీసు మొత్తంలో అంత పెద్ద కోత కొయ్యలేదు. మావయ్య వెళ్ళి హారతి కమిటీకి మాటిచ్చేశాడు.

మర్నాడు ఏడింటికల్లా నా పడవ పెళ్ళికూతురైంది. కడియం నుంచి బంతిపూలు: మావయ్య రెండు బుట్టలంటాడు, నేను రెండు లారీలంటాను. జాలరి ఆడవాళ్ళు ముందుభాగానికి పసుపు పూసి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. మధ్యలో ఎర్ర మఖ్మల్ కుర్చీ.

ఏడూ ఇరవైకి కెప్టెన్ వచ్చారు.

"ఏంటిది?" అన్నారు హిందీలో.

"పూలు సార్."

"కనబడుతున్నాయి. కలెక్టర్ ఉత్తరం రాసి మనల్ని పిలిచింది వరద సాయానికి. పడవల్ని ప్రభుత్వ ఉత్సవాలకి వాడాలంటే పైనుంచి విడిగా అనుమతి రావాలి. అది నేనిచ్చేది కాదు. నువ్విచ్చేది అసలే కాదు."

మావయ్యకి తెలుగులో చెప్పాను.

"గంటసేపే కదండీ!" అన్నాడు మావయ్య.

"గంటకైనా అదే రూలు, మావయ్యా."

కమిటీ అంతా మావయ్యని చూసింది. నేను నీళ్ళకేసి చూశాను.

అప్పుడు సెట్టు గరగరలాడింది. నది మధ్య లంకకి వెళ్ళిన రెండో పడవ నుంచి ఆపరేటర్: "నీళ్ళు మళ్ళీ పెరుగుతున్నాయి. పాకలో ముసలమ్మ, కోడలు. పడవ ఎక్కనంటున్నారు. భాష తెలియడం లేదు."

"పూలు పీకి బయల్దేరు," అన్నారు కెప్టెన్.

"పది నిమిషాలు పడుతుంది సార్."

"అయితే ఇలాగే పో!"

ఎనిమిదీ ఐదుకి లంక చేరాను. మామ్మ నడుంలోతు నీళ్ళలో, పాక గుంజ పట్టుకుని నిలబడి ఉంది. చంకలో మేకపిల్ల.

"పసుపు పెట్టని పడవ మేం ఎక్కం బాబూ. మా ఆయన ఒక్కసారి ఎక్కాడు. మళ్ళీ రాలేదు."

ఇంతలో నా పడవ ముందుభాగం కంటబడింది.

"ఇదున్నట్టు చెప్పరేం మరి!"

కోడల్ని ఎక్కించి తనూ ఎక్కింది. "ఈ కుర్చీ ఎవరిది?"

"నీదే మామ్మా, కూర్చో."

మేం తిరిగొచ్చేసరికి మంత్రిగారు రేవు మెట్ల మీద నుంచే హారతి ఇచ్చేశారు. మావయ్య మోకాళ్ళలోతు నీళ్ళలోకి దిగి మామ్మకి చెయ్యందించాడు. తర్వాత నావైపు తిరిగి, "తెస్తానన్న పడవ తెచ్చావులే," అన్నాడు.

ఏడో రోజు వెనక్కి వెళ్ళిపోయాం. యూనిట్లో ఎంత తోమినా రబ్బరు మీద పసుపు వదల్లేదు. కెప్టెన్ ఓ క్షణం చూసి, రిజిస్టర్లో "వరద మరక" అని రాయించారు.

రిటైరై ఊరొచ్చాను. నా కబుర్లు ఇప్పటికీ సగమే నమ్ముతారు. కళ్ళు మూస్తే మాత్రం ఆ నల్లపడవే. ఎర్ర కుర్చీలో తడిచీరతో మామ్మ. నది నడిమధ్యకి రాగానే మోటారు నెమ్మది చెయ్యమని చెయ్యెత్తింది. ఒక బంతిపువ్వు తెంపి నీళ్ళలో వదిలి, తెలిసినవాళ్ళెవరో ఎదురైనట్టు తలూపింది.