తీగ లేని హెడ్‌ఫోన్, రెండు గోతులు

నేను రెండుసార్లు రిటైరయ్యాను. మొదటిసారి సైన్యంలోని ఇంజనీరింగ్ దళం నుంచి, పదిహేడేళ్ళ సర్వీసు తరువాత, హవల్దారుగా. రెండోసారి ఒక నీటి సరఫరా ఏజెన్సీ నుంచి. ఏజెన్సీయే ఊరు వదిలి వెళ్ళిపోయింది కనుక నేను వేరే రాజీనామా ఇవ్వాల్సిన అవసరం కలగలేదు. అప్పటికి నాకు నలభై నిండలేదు. అయినా మా వీధి పెద్దలు నన్ను తమలో కలిపేసుకుని బీపీ మాత్రల మీద సలహాలివ్వడం మొదలుపెట్టారు.

ఇక్కడ రాస్తున్నది రెండో ఉద్యోగం సంగతి. కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, ఎండలు ముదిరే వేళకి, గజపతినగరం దాటాక రాయగడ దారిలో ఉన్న ఒక సంత ఊళ్ళో నన్ను వేశారు. హోదా పేరు వాల్వ్ లొకేటర్. భూమిలో పోయే నీళ్ళ పైపుల మీద, అవసరమైనప్పుడు నీరు కట్టేయడానికి, అక్కడక్కడ వాల్వులుంటాయి. వాటి నెత్తిన, రోడ్డు మట్టానికి, ఒక ఇనుప మూత ఉంటుంది. రోడ్డు వేసేవాళ్ళు నీళ్ళ గురించి ఆలోచించరు, నీళ్ళవాళ్ళు రోడ్డు గురించి ఆలోచించరు. కాబట్టి సిమెంటు రోడ్డు వేసిన ప్రతిసారీ మూతలు కిందికి పోతాయి. మెటల్ డిటెక్టర్‌తో వాటిని వెతికి, పైన సుద్దతో గుర్తు పెట్టడం నా పని. సైన్యంలో మందుపాతరలు వెతికాను. ఇక్కడ పొరపాటు జరిగితే ఏదీ పేలదు, జనం తిడతారంతే. దాన్ని నేను ప్రమోషన్ కింద లెక్కేసుకున్నాను.

మిషన్ అంటే ఒక కర్ర, దాని చివర పళ్ళెం లాంటి కాయిల్. నేలకి నాలుగు వేళ్ళ ఎత్తున దాన్ని అటూ ఇటూ ఊపుతూ నడవాలి. ఇనుము మీదికి రాగానే హెడ్‌ఫోన్‌లో కూత వినిపిస్తుంది. మా మిషన్ల మీద ముల్లు కూడా ఉండేది గానీ, అది ఎప్పుడో కదలడం మానేసింది. చెవి ఒక్కటే ఆధారం. ఆ ఊరి సిమెంటు రోడ్లలో ఇనుప ఊచలు వేయలేదు, వేసుంటే అడుగడుగునా కూతే. ఆ పొదుపు ఒక్క మాకే కలిసొచ్చింది.

రెండో లొకేటర్ పేరు ప్రకాశం. నెల్లిమర్ల మనిషి, ఆదివారాలు బాప్టిస్టు చర్చిలో పాటలు పాడతాడు. ఉద్యోగంలో నాకంటే జూనియర్. నన్ను సూరిబావా అంటాడు. మాకు చుట్టరికం ఏమీ లేదు. మా వైపు బావ అనడానికి అంత అవసరం ఉండదు.

మేం చేరిన కొన్నాళ్ళకి సైటు ఇంజనీరు మాధవి మేడం తీగ లేని హెడ్‌ఫోన్ ఒకటి తెప్పించారు. ఒకటే. పాత హెడ్‌ఫోన్ గుచ్చే కన్నంలో అగ్గిపెట్టెంత డబ్బా తగిలిస్తే, కూత గాలిలో వెళ్ళి చెవిలో పడుతుంది. దాన్ని ప్రకాశానికిచ్చారు. పాటలు పాడేవాడి చెవి పదునుగా ఉంటుందని వారి అభిప్రాయం. నా చెవుల్ని సైన్యం డాక్టర్లు ఏటేటా పరీక్షించి పాస్ చేశారని మేడంకి మనవి చేశాను. మర్నాడు మళ్ళీ చేశాను. "వినబడింది సూర్యనారాయణ గారూ" అన్నారు.

నా హెడ్‌ఫోన్ తీగకి అప్పటికే నల్ల టేపు చుట్టలు. అది సైకిల్ హ్యాండిళ్ళకి తగులుకునేది, ఒకసారి మేక కొమ్ముకి కూడా. ప్రకాశం మాత్రం మెడలో మెత్తటి నల్ల గిన్నెలు వేసుకుని ఊరంతా తిరిగేవాడు. టీ తాగేటప్పుడు కూడా తీసేవాడు కాదు. ఆ ఎండకి వాడి చెవులు ఉడికిపోతాయని నేను ఓపిగ్గా ఎదురుచూశాను. ఉడకలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. నా మిషన్ రిపేరుకి వెళ్ళింది. ఉన్న ఒక్క మిషన్‌తో ఇద్దరం పని చేయాల్సి వచ్చినప్పుడు ప్రకాశం ఒక సత్యం కనిపెట్టాడు. తీగ లేకపోతే ఊపేవాడూ వినేవాడూ ఒకడే కానక్కర్లేదు. ఆ రోజు నుంచి నేను ఎండలో మిషన్ ఊపేవాణ్ణి, వాడు గొడుగు కింద నిలబడి వినేవాడు. "బావా, ఒక రవ్వ ఎడంకి. ఇంకా. ఆఁ, ఆగు." పదిహేడేళ్ళ అనుభవం ఉన్న నేను ఆ విధంగా కర్రకి రెండో చివరనయ్యాను. జనం గొడుగు కింద ఉన్నవాణ్ణి ఆఫీసరనుకునేవారు. నమస్కారాలు అటు వెళ్ళేవి, మిషన్ బరువు నా దగ్గరుండేది.

ఇలా ఉండగా ఒక పొద్దున సత్యవతమ్మ గారి బెల్లం దుకాణం ఎదురుగా పైపు పగిలింది. ఆవిడ షావుకారు కుటుంబం. భర్త పోయాక వ్యాపారమంతా తనే నడుపుతున్నారు. వేసిన ప్రతి రోడ్డూ ఆ వీధిని ఇంత ఎత్తు లేపింది గనక గోడౌన్ పల్లంలో పడింది. సీజను సరుకంతా అందులోనే ఉంది. బెల్లానికి నీటితో ఉన్న సంబంధం నేను వివరించనక్కర్లేదు. ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గరి పెద్ద వాల్వ్ తుప్పు పట్టి తిరగడం లేదు. మిగిలింది వీధి వాల్వ్. అది సిమెంటు కింద ఎక్కడో ఉంది.

మేం వెళ్ళేసరికి ఆవిడ గుమ్మానికి గోనెసంచులు అడ్డంగా పేర్పిస్తున్నారు. నేను నీళ్ళలో మిషన్ ఊపడం మొదలుపెట్టాను. ప్రకాశం గొడుగు తెరిచాడు. ఆవిడ ఒక నిమిషం చూసి నన్నడిగారు: "నాయనా, నా సరుకు మునిగిపోతంటే ఆ బాబేటి, గొడుగు కింద పాటలింటన్నాడు?"

ఆ ఉద్యోగంలో నాకందిన ఏకైక పురస్కారం అదే.

దుకాణం వైపు నుంచి తూర్పుకి ఊపుకుంటూ వెళ్ళాను. "ఆగు" అన్నాడు ప్రకాశం. ఆగాను. సుద్ద గీశాం, కూలీల చేత బ్రేకర్‌తో పగలగొట్టించాం. సిమెంటు కింద మట్టి, మట్టి కింద ఇంకొంచెం మట్టి. నీళ్ళు గోనెసంచుల కింది నుంచి దారి చేసుకున్నాయి.

"ఆ గిన్నెలిలా తే" అన్నాను.

"నీకు మొదట్నుంచీ దీని మీదే కన్ను బావా."

"కన్నొకటేటి, రెండు చెవులూ దీని మీదే. బేగి తే."

పెట్టుకున్నాను. అంత శుభ్రమైన శబ్దం నేనెప్పుడూ వినలేదు. ఇన్నాళ్ళూ దీన్ని వీడొక్కడే విన్నాడా అని కొత్తగా మండింది. వాడు నన్ను నిలబెట్టిన చోట నుంచి మొదలుపెట్టడం నా హోదాకి తగదనిపించి, రోడ్డు రెండో కొస నుంచి పడమటికి గబగబా ఊపుకుంటూ వచ్చాను. కూత వినగానే ఆగాను, సుద్ద గీశాను. వాడు పెట్టిన గుర్తుకి ఇది దూరంగా ఉండటం చూసి తృప్తిపడ్డాను. మళ్ళీ పగలగొట్టించాం. మళ్ళీ మట్టే.

అప్పటికి గోడౌన్ లోంచి తియ్యటి వాసన వస్తోంది. అడుగు వరస కరగడం మొదలైంది. సత్యవతమ్మ గారు గుమ్మంలో నిలబడి, కేకలు మానేసి, మామూలు గొంతుతో అన్నారు: "అటొక గొయ్యి, ఇటొక గొయ్యి. ఆ మద్దినున్న ముక్క ఏటి పాపం సేసిందని ఒగ్గేసినారు?"

ప్రకాశం గొడుగు మూశాడు. రెండు గోతుల్నీ మార్చి మార్చి చూశాడు. "నాను ఇటు నుంచి తోలించినాను. నువ్వు అటు నుంచొచ్చినావు. ఇద్దరం దాన్ని దాటెల్లిపోయినాం బావా" అన్నాడు. "కూత ఎనక్కాల వస్తన్నట్టుంది."

సంగతి అదే. తీగలో కూత వెంటనే వస్తుంది. ఈ డబ్బాలో అది సర్దుకుని, బయల్దేరి, చెవికి చేరేసరికి రెప్పపాటు ఆలస్యమవుతుంది. ఆలోగా కాయిల్ ముందుకు పోతుంది. వినేవాడు వేరే ఉంటే, వాడు ఆగు అని, వీడు ఆగేలోగా ఇంకాస్త పోతుంది. తీగతో పని చేసిన అన్నేళ్ళూ మొదటి కూతకే గుర్తు పెట్టడం నాకు అలవాటు. గొడుగు కిందివాడికి నా అలవాటే వచ్చింది. మామూలు రోజుల్లో తీరిగ్గా ఊపేవాళ్ళం గనక ఈ తేడా బయటపడలేదు, ఆ రోజు తొందర.

ఈసారి ఇద్దరం రెండు వైపుల నుంచీ నెమ్మదిగా ఊపి చూశాం. రెండు గుర్తుల నడుమ పగలగొట్టించాం. మూత బయటపడింది. పైనుంచే వాల్వ్ తిప్పే పొడుగాటి నిలువు తాళంతో దాన్ని కట్టేశాం. నీళ్ళు ఆగాయి. అడుగు వరస బెల్లం పోయింది, పై వరసలు దక్కాయి. ఆ వారమంతా ఊళ్ళో చీమలకి తీరిక లేదు.

సాయంత్రం మేడం వచ్చారు. వినేవాడే ఊపాలని ఉత్తర్వు వేశారు. ఇక హెడ్‌ఫోన్ ఎవరిదన్న ప్రశ్న మిగిలింది. నేను గొంతు సవరించుకునేలోగా సత్యవతమ్మ గారు తీర్పు చెప్పేశారు: "ఆ పాటల పెట్టి ఆ బాబుకే ఇచ్చీండమ్మా. మద్దిని ముక్క సంగతి ఆడికే కదా తట్టింది. ఈయన పెద్దోడు, తీగుంటే పడిపోకుండా పట్టుకుంటాది."

నాకు అప్పుడు ముప్పై ఎనిమిదేళ్ళు.

ఏజెన్సీ వెళ్ళిపోయాక ఆ హెడ్‌ఫోన్ ప్రకాశం దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు దానిలో నిజంగానే పాటలు వింటున్నాడు. పాట మొత్తం ఒకే ఆలస్యంతో వస్తుంది కనుక ఎవరికీ నష్టం లేదు. అది నాకు దక్కాల్సిందనే నా అభిప్రాయంలో మార్పు లేదు.

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు గుర్తుంచుకోవాల్సింది ఒకటుంది. తీగ లేని హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఒక వైపు నుంచి వచ్చిన కూతని నమ్మకండి. ఎదురు వైపు నుంచి కూడా రండి, రెండు గుర్తుల మధ్య తవ్వండి. ఆ రోజు నేను ఎదురు వైపు నుంచి వెళ్ళింది పద్ధతి తెలిసి కాదు, వాడు నిలబెట్టిన చోట నిలబడలేక. పద్ధతి తెలిసినవాళ్ళకి అసూయ అవసరం ఉండదు, రెండు గోతులు తగ్గుతాయి.