సగం చదివితే ఉన్న బంతి పోయింది

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ను అనకండి. ఈ కథలో ఒక యుద్ధం ఉంది. అందులో మా సైన్యం ఏడుసార్లు కోట పగలగొట్టింది. ఎదుటి సైన్యం ఒక్కసారంటే ఒక్కసారి కూడా పగలగొట్టలేదు. అయినా ఓడిపోయింది మేమే. లోకంలో ఇలాంటి ఓటమి ఇంకెవరికీ దక్కి ఉండదు. అంతటి ఘనత సాధించిపెట్టిన సేనాధిపతిని నేనే. భగవంతుడి దయవల్ల ఆ రోజు ఎవరికీ దెబ్బలు తగల్లేదు. తగిలిందల్లా నా గర్వానికే. దానికి కట్టు కట్టే డాక్టరు పావగడలో కాదు కదా, తుమకూరులో కూడా దొరకలేదు.

మా ఊరు కర్ణాటకలో, పావగడ పక్కన క్యాతగానచెర్లుకు దగ్గర. సోలార్ ప్లేట్లు వచ్చిన కొత్త అది. ఊరికి పడమరగా చూస్తే నేల కనపడదు, ప్లేట్లే. ఆ ప్లేట్ల చుట్టూ వేసిన కంచెకు ఇవతల ఒక బీడు ముక్క మిగిలింది. తూర్పున ఆంజనేయస్వామి గుట్ట. నడుమ మా పిల్లలు.

నేను బడికి పోయినదాన్ని కాదు. చిన్నప్పటి నుంచి ఉబ్బసం. నాలుగడుగులు పరుగెత్తితే ఈల వేసే కుక్కర్‌నయ్యేదాన్ని. అందుకని మా తాతే నన్ను అరుగు మీద కూర్చోబెట్టుకుని తెలుగు, కన్నడం, లెక్కలు, రామాయణం అన్నీ చెప్పాడు. ఆయన రుణం తీర్చుకోలేనిది. ఆయనకు ఒకటే నియమం: రోజుకు ఒక్క పుట. అది నోటికి రాందే తర్వాతి పుట ముట్టుకోరాదు. తొంగి చూడటం కూడా తప్పే. ఇరవై నాలుగేళ్ళు వచ్చి, అదే అరుగు మీద ఊరి పిల్లలకు ఎక్కాలు చెబుతున్నా నేను ఆ నియమం తప్పలేదు. ఈ సంగతి కాస్త గుర్తు పెట్టుకోండి. నా కొంప ముంచింది ఇదే.

ఆ రోజుల్లో ఎవరో పెద్దమనుషులు కారులో వచ్చి, మా ఊరికీ పక్క ఊరికీ కలిపి ఒక ఫుట్‌బాల్ ఇచ్చి, ఫొటో తీసుకుని వెళ్ళిపోయారు. రెండు ఊళ్ళకు ఒక్క బంతి! మూడు రోజులు మాకు, మూడు రోజులు వాళ్ళకు అని ఒప్పందం. మా బంతి వంతు ముగిసే రోజు గంగ ఏడ్చేది. గంగ అంటే గొర్రెలు కాసే వాళ్ళమ్మాయి, పదకొండేళ్ళు. దారి తప్పిన పొట్టేలును కంకర మీద ఉత్తి కాళ్ళతో తరిమి పట్టుకునే పిల్ల. బంతి మా ఊళ్ళో ఉన్న మూడు రాత్రులూ దాన్ని తలకింద పెట్టుకునే పడుకునేది.

పక్క ఊరి పిల్లలకు రత్నమ్మ మిస్సు పెద్దదిక్కు. ఒకరోజు ఆమె స్కూటీ మీద వచ్చి, "ఈ పంపకం గోల నాతో కాదమ్మా సావిత్రీ. ఒక మ్యాచ్ పెట్టేద్దాం. గెలిచినోళ్ళకు బంతి, ఇంక మాటల్లేవు" అంది.

"ఎప్పుడు మిస్సా?"

"ఇంకో పదకొండు దినాలకు. మీ బీడులోనే పెట్టుకుందాం. అందాకా బంతి మీ కాడే ఉండనీ. మీకు ఆట తెలుసు కదా?"

"తెలుసు" అన్నాను. ఎందుకన్నానో ఆ ఆంజనేయుడికే తెలియాలి. అప్పటికి నాకు తెలిసిందల్లా బంతి గుండ్రంగా ఉంటుందని.

బంతితోపాటు కన్నడంలో ఒక నియమాల పుస్తకం ఇచ్చారు. పదహారు పుటలు. సాయంత్రం దీపం పెట్టి, పుస్తకానికి కాస్త కుంకుమ పెట్టి, పారాయణం మొదలుపెట్టాను. రోజుకు ఒక్క పుట. పదకొండు రోజులు, పదహారు పుటలు! ఎక్కాలు చెప్పే మనిషికి ఈ లెక్క తట్టలేదంటే మీరు నవ్వుతారు. నవ్వండి, నేనేం అనుకోను.

మొదటి రోజు చేతి నియమం చెప్పాను.

"బంతి ప్రసాదం కాదురా, చేత్తో అందుకోవడానికి. చెయ్యి తగలకూడదు."

"మరి ఓబులేసుగాడు పట్టుకుంటాడే?" అంది గంగ.

"వాడు గోలుకీపరు. గోలు అంటే గర్భగుడి. వాడు పూజారి. గుళ్ళో పూజారి ఒక్కడే ముట్టుకోవచ్చు."

ఓబులేసు ఆ పూటకే మారిపోయాడు. మరునాడు విభూతి పెట్టుకుని వచ్చి రెండు రాళ్ళ కుప్పల మధ్య నిలబడి, "ఎవురప్పా అది, లోపలికి రావద్దు!" అని గొర్రెపిల్లలను కూడా అదిలించాడు.

మూడో రోజుకు పిల్లలందరూ బెల్లం ముక్క చుట్టూ చీమల్లా బంతి చుట్టూ మూగారు. ఎవరి కాలు ఎవరిదో తెలియదు. పుస్తకంలో దూరదూరంగా నిలబడాలని ఉంది, చెబితే ఎవరు వింటారు? అప్పుడు గంగను అడిగాను.

"గొర్రెలు యాడ గుంపు కడతాయే?"

"నీళ్ళ కాడ."

"మేత కాడ?"

"ఆడ గుంపు కట్టవక్కా, విడివిడిగా పోతాయి."

"మీరు మేతకు పోయిన గొర్రెలు. బంతి నీళ్ళు కాదు."

అంతే! ఆ క్షణం నుంచి మా పిల్లలు బీడంతా పరుచుకున్నారు. ఒకరి కాలి నుంచి ఒకరి కాలికి బంతి పోతుంటే నా ఒళ్ళు పులకరించింది. ఎదుటి మనిషిని ఎలా అంటిపెట్టుకోవాలంటే పిల్ల తల్లిని వదలనట్టు అన్నాను. బంతిని ఒక్కడే మింగితే అరగదు, పంచుకోవాలి అన్నాను. నాకు నేనే ముచ్చటపడ్డాను. నిజం చెప్పాలంటే, అక్కడితో ఆపి ఉంటే బాగుండేది.

అయిదో రోజు ఎవరో తన్నిన తన్నుకు బంతి కంచె దాటి ప్లేట్ల కిందికి పోయింది. కాపలా అతను బంతి తెచ్చి ఇచ్చేసరికి పొద్దు వాలింది. ఆయన చేసిన ఉపదేశం ముందు మా ఊరి హరికథలు ఏపాటి! "ఒక్క ప్లేటు పగిలినా మీ బీడుకు తాళమే" అన్నాడు. అక్కడికక్కడే శాసనం చేశాను.

"ఇంక మీదట బంతి పడమర పోకూడదు. తూర్పుకే! గుట్ట కనపడతా ఉండాది కదా? ఆ పక్కనుండే గోలు వాళ్ళది, కంచె పక్కనుండేది మనది. కండ్లు మూసుకోనన్నా గుట్ట పక్కకే కొట్టండి."

"స్వామి పక్కకు కాలితో తన్నొచ్చా అక్కా?" ఓబులేసుకు పూజారి సందేహం వచ్చింది.

పిల్లలనందరినీ తాత దగ్గరికి తీసుకుపోయాను. ఆయన వక్క నములుతూ, "ఆయప్ప చిన్నప్పుడు సూర్యుణ్ణే పండనుకోని ఎగిరినాడు. ఆటంటే ఆయప్పకు కోపమేంది? తన్నండప్పా" అన్నాడు.

ఇక అడ్డేముంది? రోజూ గుట్టకు దండం పెట్టి ఆట మొదలు. ఆరు రోజులు తూర్పుకు, తూర్పుకు, తూర్పుకే. చివరిరోజు పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని, మహా తెలివిగా ఒక మాట చేర్చాను.

"వాళ్ళు మోసం చేయొచ్చు. ఈ పక్క కాదు ఆ పక్క అంటారు. ఎవురేం చెప్పినా, ఆట నడిపించేదానికి వచ్చే పి.టి. మేష్ట్రు చెప్పినా వినొద్దు. గుట్టను వదలొద్దు. సరేనా?"

"సరే అక్కా!"

ఆ 'సరే' ఇప్పటికీ నా చెవుల్లో మోగుతోంది.

మ్యాచ్ రోజు రానే వచ్చింది. పక్క ఊరి పిల్లలు ట్రాక్టరులో కేకలు వేసుకుంటూ దిగారు. టౌను నుంచి పి.టి. మేష్ట్రు మోటారు సైకిలు మీద, మెడలో విజిలుతో వచ్చాడు. తాత ప్లాస్టిక్ కుర్చీలో గొడుగు కింద. బంతి మధ్యలో. గంగ దాన్ని చూసిన చూపు ఎవరైనా చూసి ఉంటే వాళ్ళే ఇచ్చేసి పోయేవాళ్ళు.

విజిల్ పడింది. అబ్బ, ఏమి ఆట! మా గొర్రెలు మేతకు విడిపోయాయి. వాళ్ళవేమో నీళ్ళ దగ్గర గుంపు కట్టాయి. బంతి ఇటు నుంచి అటు, అటు నుంచి గంగ కాలికి. గంగ దుమ్ము లేపుకుంటూ గుట్ట వైపు దూసుకుపోయి ఒక్క తన్ను. గోలు! ఇంకోటి. ఇంకోటి! మూడు! వాళ్ళ బంతి ఇటు వస్తే ఓబులేసు దాని మీద సాష్టాంగపడ్డాడు. నేను ఎగిరాను. ఉబ్బసం ఉన్న మనిషిని, నేల విడిచి ఎగిరాను! తాత గొడుగు మూసి దానితోనే చప్పట్లు కొట్టాడు.

సగం ఆట అయింది. పి.టి. మేష్ట్రు విజిల్ ఊదాడు. పిల్లలు మజ్జిగ తాగారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. సగం ఆట అయ్యాక రెండు జట్లూ పక్కలు మార్చుకుంటాయి. ఇంతసేపూ తూర్పుకు కొట్టినవాళ్ళు ఇక పడమరకు కొట్టాలి. ఇది మీకు తెలుసు. మేష్ట్రుకు తెలుసు, రత్నమ్మ మిస్సుకు తెలుసు. ట్రాక్టరు డ్రైవరుకు కూడా తెలుసట. ఇది పన్నెండో పుటలో ఉంది. నేను ముందురోజు దీపం పెట్టాక పదకొండో పుట నోటికి పట్టాను.

మజ్జిగ తాగి చూద్దును కదా, పక్క ఊరి పిల్లలు తూర్పుగోలును ఖాళీగా వదిలేసి ఇటు పక్కకు వచ్చి నిలబడ్డారు, మావైపు చూస్తూ. వాళ్ళ గోలుకీపరు ఏకంగా మా ఓబులేసు గుళ్ళో నిలబడ్డాడు! పాపం, మూడు గోల్లకే దిక్కు తెలియకుండా పోయిందనుకున్నాను.

"మిస్సా, మీ పిల్లోడు దారి తప్పినాడు" అన్నాను జాలిగా.

"లేదు సావిత్రీ, సరిగ్గానే ఉండాడే?" అంది ఆమె.

ఆహా, నేను చెప్పిన మోసం ఇదే అనుకున్నాను.

ఓబులేసు అక్కడి నుంచి అరిచాడు. "అక్కా! నా గుళ్ళోకి ఇంకో పూజారి వచ్చినాడు!"

"ఉండనీలేరా, నువ్వు మాత్రం కదలొద్దు!"

ఆట మొదలైంది. మా పిల్లలు యథాప్రకారం గుట్టవైపు తిరిగారు. మేష్ట్రు చేతులు ఊపాడు. "ఏయ్ పాపా, ఆ పక్క కాదు, ఈ పక్క!"

గంగ పరుగు ఆపకుండానే, "మీరు అట్లంటారని మా అక్క ముందే చెప్పింది మేష్ట్రూ!" అని అరిచి, కీపరు లేని గోలులోకి తన్నింది. నాలుగు!

నేను గుట్టకు దండం పెట్టాను. తల తిప్పి చూస్తే ఏమిటీ వింత! పక్క ఊరి పిల్లలు కూడా గంతులేస్తున్నారు. గంగను ఎత్తుకుని తిప్పుతున్నారు. నా కళ్ళు చెమర్చాయి. మన గోలుకు చప్పట్లు కొట్టే ఎదుటివాళ్ళు ఎక్కడైనా ఉంటారా? ఎంత మంచి పెంపకం!

"మిస్సా, మీ పిల్లలది బంగారు మనసు" అన్నాను.

రత్నమ్మ మిస్సు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె కూడా కదిలిపోయిందనుకున్నాను.

ఆ తర్వాత వాళ్ళ మంచితనం హద్దులు దాటింది. బంతి వాళ్ళకు దొరికితే తీసుకొచ్చి మర్యాదగా గంగ కాళ్ళ దగ్గర పెట్టి, పక్కకు తప్పుకుని దారి ఇస్తున్నారు. అయిదు! ఆరు! ఈ కలికాలంలో ఇంత దానగుణమా అని నేను రామా, కృష్ణా అనుకుంటున్నాను. పడమటి గుళ్ళోకి మాత్రం చీమ కూడా రావడం లేదు. ఓబులేసూ, కొత్త పూజారీ రాళ్ళ కుప్ప మీద కూర్చుని వేయించిన చెనిక్కాయలు పంచుకుంటున్నారు.

"ఆ మేష్ట్రు విజిల్ కింద పారేసినాడేందే?" అని అడిగాడు తాత.

"మన ఆట చూసి తాతా" అన్నాను.

ఏడు! పొడుగాటి విజిల్. ఆట అయిపోయింది. మా పదకొండు మందీ గాల్లోనే ఉన్నారు. గంగ బంతిని గుండెకు హత్తుకుని పరుగున వచ్చింది. "ఏడు గోల్లక్కా! ఏడు! ఇంక బంతి మనదే కదక్కా?"

మేష్ట్రు వచ్చాడు. ఆయన మొహంలో నవ్వూ ఏడుపూ కుస్తీ పడుతున్నాయి.

"అమ్మా, నాలుగు-మూడు. వాళ్ళు గెలిచినారు."

"ఎవురు? వాళ్ళు ఒక్కటీ కొట్టలేదు కదప్పా!"

"వాళ్ళవి కూడా మీరే కొట్టినారమ్మా."

ఆయన నేల మీద కట్టెపుల్లతో గీతలు గీసి అంతా చెప్పాడు. ఆయన చెబుతున్నకొద్దీ నేను కుంగిపోయాను. కాళ్ళ కింద నేల విడిపోతుందేమోనని ఆశగా చూశాను. సీతమ్మ తల్లికి ఇచ్చిన అవకాశం భూమాత నాకివ్వలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. సగం చదివితే ఉన్న బంతి పోయింది.

గంగ బంతిని ఇంకా గట్టిగా పట్టుకుంది. "అన్నీ మనమే కొడితే బంతి వాళ్ళకెట్ల పోతాదక్కా?"

నేను గంగ ముందు కూర్చున్నాను. "తప్పు నాది గంగా. నువ్వు నేను చెప్పినట్టే చేసినావు. ఇచ్చేయ్ తల్లీ" అన్నాను.

గంగ కళ్ళు తుడుచుకుని, పోయి, బంతిని వాళ్ళ చేతుల్లో పెట్టింది. వాళ్ళ చెనిక్కాయల పూజారి ముందుకొచ్చి, "మిస్సా, మనం ఒక్కటీ కొట్టలే. ఈ గంగను రోజూ మనూరికి రమ్మనండి. బంతి మనది, ఆట ఈమెది" అన్నాడు.

రత్నమ్మ మిస్సు కూడా అదే మాట అంది. "సావిత్రీ, మీ పిల్లోళ్ళు విడిపోయి ఆడేది నా పిల్లలకు నేర్పు. పక్కలు మారేది నేను నీకు నేర్పిస్తా."

ఆ రోజు నుంచి సాయంత్రం కాగానే రెండు ఊళ్ళ పిల్లలూ వాళ్ళ బీడులోనే. పంపకం లేదు, వంతు లేదు. గంగ ఏడ్చిన రోజూ లేదు. మొదటిరోజు మా పిల్లలు అక్కడ దిగి నాలుగు దిక్కులూ చూసి, "గుట్ట యాడుండాదక్కా?" అని ఒక్కగొంతుతో అడిగారనుకోండి, ఆ సంగతి వదిలేయండి. నేను కోరింది బంతి. గుట్ట మీది స్వామి ఇచ్చింది ఇరవైరెండు మంది పిల్లలను. ఎంత దండం పెట్టినా తక్కువే.

మ్యాచ్ నుంచి ఇంటికి వచ్చాక, తాత ముందు కూలబడి, "నువ్వు చెప్పిన నియమం తప్పలేదు తాతా, అయినా ఇట్లయింది" అన్నాను. ఆయన వక్క ఉమ్మి, నా తల నిమిరి, "పుట రాందే తిప్పొద్దన్నా గానీ, పందెం ముందర పెట్టుకోని కూడా తిప్పొద్దన్నానా నా తల్లీ?" అన్నాడు.

కనుక ఆంజనేయస్వామి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఏ పుస్తకమైనా చివరి పుట చూడకుండా ఎవరికీ పాఠం చెప్పను. ఎదుటివాళ్ళు మరీ మంచిగా ఉన్నారంటే, ముందు నేను ఏ పక్క నిలబడ్డానో చూసుకుంటాను. ఈ ప్రమాణంలో మొదటి సగం తూర్పుకు తిరిగి చేశాను. మధ్యలో మజ్జిగ తాగి, మిగతా సగం పడమరకు తిరిగి చేశాను.