లిఫ్టు మెకానిక్కు తెల్లకణాలు

ముప్ఫై ఏళ్లుగా లిఫ్టులు బాగుచేస్తున్నా, ఈ మెకానిక్కు బతుకంతా మెట్ల మీదే గడిచింది. పనిచేసే లిఫ్టు దగ్గరికి ఆయన్ని ఎవరు పిలుస్తారు?

అలాంటి మనిషికి రక్తపరీక్షలో తెల్లకణాలు పద్నాలుగు వేలని రాగానే ఇంటిల్లిపాదీ హడలిపోయారు. ఉండాల్సింది పదకొండు వేల లోపే.

"జ్వరం లేదు, దగ్గు లేదు. రక్తం ఇచ్చే ముందు ఏం చేశారు?" అని అడిగింది డాక్టరమ్మ.

"ఏం లేదండీ" అన్నాడాయన. పక్కనున్న భార్య ఊరుకుంటుందా? "మీ ఆస్పత్రి లిఫ్టు ఆగిపోయిందని, భుజాన సంచీతో ఎనిమిది అంతస్తులు పరుగున ఎక్కి బాగుచేసి, రొప్పుతూనే చెయ్యి చాపారండీ ఈయన."

డాక్టరమ్మ నవ్వింది. "అంత కష్టపడితే తెల్లకణాలు కాసేపు ఎక్కువే కనిపిస్తాయి. ఒక్క అంకె చూసి రోగం అనుకోకూడదు. రేపు కుదురుగా కూర్చుని మళ్లీ ఇవ్వండి."

మర్నాడు భార్య ఆయన్ని చెయ్యి పట్టుకుని లిఫ్టులో తీసుకెళ్లింది. గంటసేపు కుర్చీలోంచి కదలనివ్వలేదు. ఈసారి ఏడు వేలు. అంతా మామూలే.

తిరిగి వెళ్లేటప్పుడు ఆమె లిఫ్టెక్కింది. కింద తలుపు తెరుచుకునేసరికి, ఎదురుగా మెట్ల పక్కన ఆయన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.