చెమట కరెంటు

రాయికల్‌లో మా చుట్టాలు నన్ను ఇప్పటికీ "చెమట కరెంటు" అంటారు. ఆ పేరు పెట్టింది మా బావ. పెళ్లిలో వంటవాళ్లు పొయ్యి దగ్గర చెమటలు కక్కుతుంటే, "మా మరదల్ను పిలువుండ్రి, రెండు బల్బులు ఎలిగిస్తది" అన్నాడు. ఆరోజు నవ్విన వాళ్ల ముఖాలన్నీ నాకు గుర్తున్నాయి.

నేను చేసే పట్టీ బల్బుల కోసం కాదని ఎన్నిసార్లు చెప్పానో. ఒళ్లు హూనమయ్యేలా పనిచేస్తే చెమటలో లాక్టేట్ అనే పదార్థం ఎక్కువగా దిగుతుంది. దాన్ని విడగొట్టే ఎంజైమును పలుచని పట్టీ మీద పూస్తే, అది విడిపోతున్నప్పుడు పిసరంత కరెంటు పుడుతుంది. బ్యాటరీ అక్కర్లేదు. ఆ కరెంటుతోనే పట్టీలోని చిప్పు నడిచి, ఒంటి మీద ఎంత శ్రమ పడుతున్నదో ఫోనుకు పంపుతుంది. ఎడారి ఎండలో ఇనుము మోసే మనిషికి "ఇక ఆగు" అని చెప్పడానికి హైదరాబాదు ప్రయోగశాలలో నేను చేసిన పట్టీ అది.

మా అన్న కల్లు గీయడానికి తాళ్లెక్కేవాడు. కల్లు మీద ఇల్లు గడవక గల్ఫ్ వీసా కోసం కోరుట్ల ఏజెంటు చుట్టూ తిరుగుతున్నాడు. వీసాకు ముందు చేసే మెడికల్ పరీక్షలో ఒకసారి అన్‌ఫిట్ అన్నారు. రెండోసారికి సిద్ధమవుతున్నాడు. మెడికల్‌కు ముందు మావాళ్లు బరువులెత్తరు, బార్లీ నీళ్లు తాగుతారు, పొద్దున్నే తలస్నానం చేసి ఉతికిన అంగీ తొడుక్కుంటారు.

అదే సమయంలో నా పరిశోధన చూసే గైడుతో కలిసి ఊరికి వెళ్లాను. చెట్లెక్కేటప్పుడల్లా పట్టీ అంటించుకొమ్మని అన్నకు ఇచ్చి వచ్చాం. వారం తర్వాత చూస్తే ఫోనులో దాదాపు ఏమీ లేదు. గైడు అందరి ముందూ, "నీ పట్టీ గాజు గ్లాసులోనే పనిచేస్తుందమ్మా, మనిషి మీద కాదు" అన్నాడు. తాళ్లెక్కే మనిషికి చెమట పట్టలేదంటే ఎవరు నమ్ముతారని వాదించాను. పై వాళ్లకు ఫిర్యాదులు రాశాను. ఫలితం లేదు. సిరిసిల్ల మరమగ్గాల దగ్గర చేయాల్సిన రెండో పరీక్ష ఆపేశారు. గుండెలో పెట్టే యంత్రాన్ని రక్తంలోని చక్కెరతో నడిపే పని మొదలుపెట్టి, నన్ను పక్కన పెట్టేశారు. గుండె అంటే అందరూ వింటారు. తాళ్లెక్కే చేయి ఎవరికి కావాలి?

అన్న మెడికల్ పాసై గల్ఫ్‌కు వెళ్లాడు. కొన్ని ఎండాకాలాల తర్వాత పనిచేసే చోటే పడిపోయాడు. ఎండకు కిడ్నీలు పోయాయని ఇంటికి పంపించారు.

ఇప్పుడు జగిత్యాలలో డయాలసిస్. చేతికి గొట్టాలున్నప్పుడే ఒకరోజు నోరు విప్పాడు.

"చెల్లె, అప్పుడు నీ పట్టీ తీసి జేబుల పెట్టి చెట్టెక్కేటోణ్ని. దిగినంక తానం చేసి, ఒళ్లు ఆరినంక అంటించుకునేటోణ్ని."

ఎందుకని అడిగాను.

"అన్‌ఫిట్ అని అస్తే? ఏజెంటుకు ఎరుకైతే?"

"నీ చెల్లెను గాదా అన్న? నేను నీ వీసా ఆపుతనా?"

"చెల్లెవే. గని తెల్ల కోటు ఏసుకొని అచ్చినవు గదా."

ఊర్లో మర్యాదగా ఉంటుందని ఆ కోటు వేసుకోమన్నది గైడే. ఆ సంగతి చెప్పాలని నోటిదాకా వచ్చింది. ఆ వారం పట్టీ అన్న చేతికే ఉండి ఉంటే, తర్వాత ఆ ఎండల్లో కూడా ఉండేదేమో. ఉండకపోయేదేమో కూడా. బావ నవ్వునూ గైడు మాటనూ ఇన్నేళ్లు మోశాను. ఈ మాటను ఎవరి మీద వేయాలో తెలియలేదు.

అంతలో నర్సు వచ్చి, కళ్లు తిరుగుతున్నాయా, నీరసంగా ఉందా అని అడిగింది. అప్పటిదాకా వాలిపోయి ఉన్న అన్న మంచం మీద నిటారుగా జరిగి కూర్చున్నాడు. పెదవులు తెల్లబడి ఉన్నాయి.

"ఏం లేదు మేడం. మంచిగున్న," అన్నాడు.